పళ్ళ గ్లాసులో చక్రవర్తి

దోబ్రి పొద్దుతిరుగుడు చేలు దున్ని
చీకటి పడ్డాక ఇంటికొస్తాడు.
జేబులు తిరగేసి బల్ల మీద కుమ్మరిస్తాడు:
నాలుగు బోల్టులు, ఒక నాడా మేకు,
మన్ను గడ్డకట్టిన బిళ్ళలు ఏడో ఎనిమిదో.
"చూడు వెలిచ్కా, రోమ్ వచ్చింది భోజనానికి."
"ముందు కాళ్ళు కడుక్కోమను" అంటాను నేను.

ముప్ఫై ఏళ్ళు విదిన్ బడి వంటశాలలో
గరిటె తిప్పినదాన్ని.
నాకొచ్చిన విద్య ఒక్కటే, నానబెట్టడం.
చిక్కుడు గింజలైతే రాత్రంతా,
రాగి బిళ్ళలైతే ఏడాదంతా.
జామ్ సీసాలో ఆలివ్ నూనె పోసి
దాన్యూబ్ వైపు కిటికీలో పెడతాను.
నూనె పచ్చబడితే వంచేసి మళ్ళీ పోస్తాను.
"సలాడ్‌లోకి చుక్క రాలదు గానీ
చచ్చిన రాజులకు తలంటా!"
అత్తగారు గది లోంచే వడ్డిస్తుంది.

మా ఆయనకి ఆగడం రాదు.
బస్సులో ఎవరో చెప్పారట,
క్యాబేజీ ఊరగాయ నీళ్ళు మహా మంచివని.
తాగిన మత్తు దిగడానికి మేం తాగేవే అవి.
మనిషిని లేపే నీళ్ళు రాజును లేపవా అని
ఒక బిళ్ళను పీపాలో జారవిడిచాడు.
తెల్లారి తీస్తే
నున్నగా, గులాబీ రంగులో, అప్పుడే పుట్టినట్టు.
ముక్కు లేదు. కిరీటం లేదు.
చుట్టూ ఉండాల్సిన అక్షరాల్లో ఒక్కటీ లేదు.
మేం మురికి అనుకున్నదే
అతని ముఖమట.
పదిహేడు వందల ఏళ్ళు మట్టి దాచిపెట్టినదాన్ని
మా పీపా ఒక్క రాత్రిలో తినేసింది.
దోబ్రి ఆ రోజు ట్రాక్టర్ తీయలేదు.
ఆ ఏడు క్యాబేజీ కూడా ఎవరికీ సయించలేదు.

అప్పట్నుంచి నేను గులాబీ ముల్లే వాడతాను.
పెరట్లో ముదురు కొమ్మది, ఎండబెట్టినది.
సూది గీరుతుంది. ముల్లు అడుగుతుంది.
ఒక చెవి వెనక మట్టి తవ్వుతూ
ఎంతసేపు ఊపిరి బిగబట్టానో,
నిద్రపోతున్న పసివాడి చెవి తుడిచినట్టు.
ఆ పూట చారు మాడిపోయింది.

ఇక అత్తగారి మాత్రల సంగతి.
కట్టుడు పళ్ళు కడుక్కునే మాత్రలవి,
నీళ్ళలో వేస్తే బుసబుస పొంగుతాయి.
పగలు ఆమె గ్లాసే అరువు తెచ్చి
ముగ్గురు చక్రవర్తుల్ని ముంచాను.
ఇద్దరినే తీసినట్టున్నాను.
రాత్రి ఆమె దీపం వెయ్యకుండా
పళ్ళు తీసి అందులో పడేసింది.
పొద్దున్నే ఇల్లంతా అదిరింది:
"నోరంతా రాగి కంపు! ఎవడే వీడు?
నలభై ఏళ్ళ వైధవ్యం తర్వాత
నా పళ్ళతో పడుకున్నవాడు?"
తిట్టింది, తిట్టింది,
తిడుతూనే బిళ్ళను కిటికీ వెలుగులో తిప్పి చూసింది.
"గడ్డం బాగుంది" అంది.
మళ్ళీ ఇవ్వలేదు.

ఆఖర్న బంగాళాదుంప.
దుంపలో గుచ్చితే తుప్పు లాగేస్తుందని
మా అమ్మ కత్తుల కోసం చేసేది.
అన్నిట్లోకీ చిన్న బిళ్ళను నిలువుగా గుచ్చి
నేలమాళిగలో పెట్టి మర్చిపోయాను.
చలికాలం పోయింది. నది మంచు విడిచింది.
ఏప్రిల్‌లో దిగి చూస్తే
దుంప ముడతలు పడి, గాటు మూసుకుపోయి,
తెల్లటి మొలకలు వెలుతురు కోసం తడుముకుంటున్నాయి.
దోబ్రి కత్తి తెచ్చాడు.
నేను దుంపను కొంగులో దాచాను,
ఎందుకని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.
కంచె పక్క సాలులో పాతిపెట్టాను.

ఆగస్టులో తవ్వాం.
పదకొండు దుంపలు.
దోబ్రి మట్టిని జల్లెడ పట్టాడు, రెండుసార్లు,
గోళ్ళ సందుల్లో కూడా వెతికాడు.
లేదు.

రాత్రికి వాటినే ఉడకబెట్టి
వెన్న, సోపాకు వేశాను.
ఎవరం ఏమీ అనుకోలేదు.
అత్తగారు మాత్రం ఒక్కో ముక్కా
నెమ్మదిగా,
చాలా జాగ్రత్తగా నమిలింది.